ఉండ్రుగొండ అడవికి కావలి కావాలి

సూర్యాపేట దాటి కోదాడ వైపు పోయే బస్సులోంచి చూస్తే చివ్వెంల మండలంలో ఉండ్రుగొండ గుట్టలు కనిపిస్తాయి. వాటిని చూస్తూ రోజూ వేలమంది విజయవాడ పోతున్నారు, హైదరాబాదు వస్తున్నారు. ఆ గుట్టల మీద పాత కోట గోడలున్నాయని, లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉందని, చుట్టూ అడవి ఉందని బాగా ఎరిగినవారు మాత్రం చుట్టుపక్కల ఊళ్లవారే. కనుక ఈ నాలుగు మాటలు ముందుగా వారికే చెప్పవలసి ఉన్నది.

1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో చెలకలు వరి మడులయ్యాయి. అందులో తప్పేమీ లేదు. అన్నం పెట్టిన కాలువ అది. అయితే నాగలి ఎక్కలేని గుట్టలే చెట్టూచేమకు దిక్కయ్యాయి. తునికి, మోదుగ, సీతాఫలం, రేగు వంటివి మిగిలింది అక్కడే. గుట్ట మీద చెట్టు ఉంటే వాన నీరు ఇంకుతుంది, కింది బావుల్లో ఊట ఉంటుంది. చెట్టు పోతే మొదటి వానకే మట్టి కొట్టుకొచ్చి చెరువు పూడుతుంది. రైతుకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ గుట్టకూ పెద్దగట్టుకూ బంధుత్వం ఉందని మన పెద్దలు చెబుతారు. ఒకప్పుడు లింగమంతుల స్వామి ఉండ్రుగొండ మీదే కొలువై ఉండేవాడట. మొక్కు తీర్చుకోను గుట్ట ఎక్కుతున్న ఒక నిండు గర్భిణి కాలుజారి పడిందట. ఇంత ఎత్తున ఉంటే నా బిడ్డలకు కష్టమని స్వామి దురాజ్‌పల్లి దగ్గరి గట్టుకు దిగివచ్చాడట. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే ఆ జాతరకు, మేడారం తర్వాత అంత పెద్దదని పేరు. 2025 ఫిబ్రవరిలోనూ "ఓ లింగా" అన్న కేకలతో గట్టు మారుమోగింది. స్వామి పాత ఇల్లయిన ఉండ్రుగొండ మాత్రం ఆ సందడిలో గుర్తుకు రావడం తక్కువ.

ఎండాకాలంలో ఇటువంటి అడవులకు నిప్పు దానంతటదే పుట్టడం అరుదు. ఆర్పకుండా విసిరిన బీడీ ముక్క, కొత్త గడ్డి మొలుస్తుందని పెట్టిన అగ్గి, తునికి చిగుళ్ల కోసం అంటించిన మంట, ఏదైనా చాలు. పెద్ద చెట్టు తట్టుకుంటుంది, ఆ ఏడు మొలిచిన మొక్క తట్టుకోలేదు. ఇలా నాలుగేళ్లు కాలితే అడవి ముసలిదై పోతుంది.

రెండో బెడద లంకెబిందెల పిచ్చి. కోట అన్న చోటల్లా బంగారం ఉంటుందని రాత్రిపూట గడ్డపారలు పట్టుకొచ్చే ప్రబుద్ధులకు కొదువ లేదు. మన జిల్లాలోని ఫణిగిరి గుట్ట మీద 2024లో పురావస్తు శాఖ తవ్వగా కుండలో 3,730 నాణేలు దొరికాయి. బంగారం కాదు, వెండి కాదు, సీసం! ఇక్ష్వాకుల కాలం నాటివి. దొంగచేతికి చిక్కితే విసిరేసే వస్తువే. పైగా దొరికిన నిధిని కలెక్టరుకు తెలపాలన్న చట్టం 1878 నుంచీ ఉన్నది. అదే ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనలో నిలిచాయి.

సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయం నేటికీ నిలిచి ఉంది. అందుకు శాఖల కాగితాలకంటే ఊరివారు పెట్టిన దీపమే ఎక్కువ కారణమని మా అభిప్రాయం. ఉండ్రుగొండకూ అటువంటి ఊరి దిక్కు కావాలి.

చెట్ల సంగతి అటవీ శాఖది, పాత కట్టడాలది పురావస్తు శాఖ, గుళ్లది దేవాదాయ శాఖ. ఏ శాఖకా శాఖ తన ఫైలు చూసుకుంటే గుట్టను చూసేవారుండరు. కనుక మూడు శాఖల అధికారులూ సర్పంచులను, మేకల కాపరులను వెంటబెట్టుకొని ఒకసారి గుట్ట చుట్టూ నడవాలి. అడవి హద్దు ఎక్కడో, కోట గోడ ఎక్కడిదాకానో అందరి ఎదుట గుర్తు పెట్టాలి. శివరాత్రి లోగా నిప్పు పాకకుండా గడ్డి కోసి దారులు తీయించి, ఆ కూలి పని ఆ ఊళ్లవారికే ఇవ్వాలి. గోడ సందుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కలను వేళ్లతో సహా తీయించాలి. జిల్లా కలెక్టరు తేదీ ప్రకటిస్తే దారి చూపడానికి కాపరులే ముందు నడుస్తారు.