పునాది ముందు... పై అంతస్తు తర్వాత!

బ్యాంకు కోసం ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి. 'ఖాతా' క్లాసులో ఖాతా నంబరు, నిల్వ ఉంటాయి. దాన్నుంచి పుట్టిన 'పొదుపు ఖాతా' క్లాసుకు ఆ రెండూ వారసత్వంగా వస్తాయి. వడ్డీ రేటు మాత్రం దాని సొంతం. మరి కొత్త పొదుపు ఖాతా తెరిచినప్పుడు నిల్వకు తొలి విలువ ఇవ్వాల్సింది ఎవరు? వారసత్వంగా వచ్చిందే కదా అని చైల్డ్ క్లాసు కన్‌స్ట్రక్టరే ఇచ్చేయొచ్చా? కొత్తగా నేర్చుకునేవాళ్లు తడబడేది ఇక్కడే.

బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో శ్రీకారం చుట్టిన సి ప్లస్ ప్లస్ ఇందుకు ఒప్పుకోదు. చైల్డ్ క్లాసు ఇనిషియలైజర్ జాబితాలో పేరెంట్ క్లాసు మెంబరు పేరు కనిపిస్తే చాలు, కంపైలర్ ఎర్రర్ చూపిస్తుంది. కారణం సులువే. పునాది వేశాకే కదా పై అంతస్తు కట్టేది! ముందు పేరెంట్ కన్‌స్ట్రక్టర్ పనిచేస్తుంది. తర్వాత చైల్డ్ క్లాసు సొంత మెంబర్లు, క్లాసులో ప్రకటించిన వరుసలోనే సిద్ధమవుతాయి. చైల్డ్ కన్‌స్ట్రక్టర్ లోపలి ఆదేశాల వంతు చివర్లో వస్తుంది. అప్పటికే నిల్వ తయారై ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ మొదలుపెట్టడమంటే ఒకే పునాదిని రెండుసార్లు వేయడమే. అందుకే నంబరు, నిల్వల విలువలను పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌కే అందించాలి.

పైథాన్ తీరు వేరు. చైల్డ్ క్లాసు సొంత 'ఇనిట్' రాసుకుంటే పేరెంట్ 'ఇనిట్' దానంతటది పనిచేయదు. పిలవడం మరిచిపోతే నిల్వ అన్నదే ఉండదు. దాన్ని వాడబోయినప్పుడు ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

ఆగిపోతే నయమే, తప్పు తెలిసిపోతుంది. అసలు చిక్కు జావాలో ఉంది. పేరెంట్ కన్‌స్ట్రక్టర్ వడ్డీ లెక్కించే మెథడ్‌ను పిలిచిందనుకుందాం. ఆ మెథడ్‌ను చైల్డ్ క్లాసు తిరగరాసి ఉంటే, చైల్డ్ మెథడే పనిచేస్తుంది. కానీ అప్పటికి వడ్డీ రేటు ఇంకా సున్నాయే! ఏ ఎర్రరూ రాదు. ఖాతాదారుకు మాత్రం వడ్డీ సున్నా అని తేలుతుంది. ఇదే పరిస్థితిలో సి ప్లస్ ప్లస్ అయితే పేరెంట్ మెథడ్‌నే నడిపిస్తుంది.

జావాలో 'సూపర్' పిలుపు కన్‌స్ట్రక్టర్‌లో మొదటి వాక్యంగానే ఉండాలన్న నియమం చాలాకాలం సాగింది. 2025లో వచ్చిన జావా 25 దాన్ని సడలించింది. ఇప్పుడు వడ్డీ రేటును 'సూపర్'కు ముందే నింపుకోవచ్చు. అయినా తిరగరాయడానికి వీలున్న మెథడ్‌ను కన్‌స్ట్రక్టర్ నుంచి పిలవకపోవడమే క్షేమం. ఏ క్లాసు మెంబర్లకు ఆ క్లాసు కన్‌స్ట్రక్టరే తొలి విలువ ఇస్తే లెక్క తప్పదు.