నొప్పి పిలిస్తేనే...

దంతవైద్యుడి దగ్గరికి తొలిసారి వెళ్లినవారిని ముందుగా అడిగేది ‘ఎన్నాళ్లనుంచి?’ అని. ‘నిన్న రాత్రినుంచి’ అన్నదే చాలామంది జవాబు. నోట్లో చిన్న అద్దం పెట్టి చూసే డాక్టరుకు మాత్రం ఏళ్లనాటి కథ కనబడుతుంది. పుచ్చు పైనున్న ఎనామిల్‌కే పరిమితమైనన్నాళ్లూ నొప్పి తెలీదు, అక్కడ నరాలు ఉండవు. లోపలి గుజ్జుదాకా తొలుచుకుపోయాకే నిద్ర చెడుతుంది. అప్పుడైనా వెంటనే వెళ్తామా? లవంగనూనెలో ముంచిన దూది, మందులషాపు మాత్ర, రెండోవైపు నమలడం... ఇవన్నీ అయ్యాకే ఆ కుర్చీ ఎక్కుతాం. సిమెంటుతో సరిపోయే పంటికి అప్పటికి రూట్‌కెనాలూ క్యాపూ తప్పవు.

2002-03లో భారత దంతవైద్య మండలి చేయించిన జాతీయ సర్వేలో పన్నెండేళ్ల పిల్లల్లో సగానికి పైగా పుచ్చుపళ్లే. ఆ తర్వాత మన చిరుతిళ్లేమీ తగ్గలేదు.

తెలుగునాట నోళ్లకు సొంత చరిత్రా ఉంది. నల్గొండ పల్లెల్లో పళ్లమీది గోధుమ మచ్చలు తాగునీటి ఫ్లోరైడ్ వేసినవి. చిగురులోంచి పన్ను బయటికి రాకముందే పడ్డ మరక, ఎంత తోమినా పోదు. ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవయసు ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. ఆ ‘అడ్డపొగ’ అంగిలిని కాల్చి క్యాన్సర్‌దాకా తెస్తుంది. వారి మనవల నోట్లో ఇప్పుడు గుట్కా. వక్క నమిలి నమిలి బుగ్గల లోపలిపొర బిగుసుకుపోయిన కుర్రాడిని నోరు తెరవమంటే మూడు వేళ్లు కూడా పట్టవు. పంటినొప్పని వచ్చినవాడికి డాక్టరు చెప్పాల్సిన మాట వేరే ఉంటుంది.

పళ్లు వరసగా లేవని క్లిప్పులకోసం వచ్చే పిల్లలూ కనబడుతున్నారు. అందంకోసం వచ్చినా మంచిదే, ఆ వంకనైనా ఎవరో ఒకరు నోరంతా చూస్తారు! చిగుళ్లనుంచి రక్తం కారుతోందని వెళ్లి, డాక్టరు సలహాతో చేయించుకున్న పరీక్షలో షుగరు బయటపడినవారూ లేకపోలేదు. గార తీయిస్తే పళ్లు వదులైపోతాయన్న భయం ఒకటి మనల్ని ఇంకా వదల్లేదు. వదులు చేసింది ఆ గారే, తీశాక బయటపడుతుంది అంతే.

‘ఎలాగూ ఊడేవేగా’ అని పాలపళ్లను వదిలేయడం మరీ అన్యాయం. అవి ముందే పోతే వెనక వచ్చే పళ్లకు చోటు చాలదు. మొదటి పుట్టినరోజులోపే బిడ్డనోరు ఒకసారి చూపించమంటారు పిల్లల దంతవైద్యులు. ఇంట్లో పసివాళ్లుంటే, ఏ నొప్పీ లేని రోజు చూసి తీసుకెళ్లండి. పనిలోపని, మీరూ ఆ కుర్చీలో కూర్చోండి.