పాపం నుంచి విడుదల అంటే నానమ్మ నుంచి విడుదల కాదు

పోస్టు కొంచెం పెద్దది. వేసవి సెలవులకు ఊళ్లకు వెళ్లే ముందే ఇది మాట్లాడుకోవాలి, ఓపికగా చదవండి.

మే నెల వస్తే మన ఏజెన్సీ ఊళ్లలో వీబీఎస్ మొదలవుతుంది. పాటలు, యాక్షన్ సాంగ్స్, బొమ్మలాట, కంఠత వాక్యాలు, చివరి రోజు బహుమతులు. బడి ఉండదు, అమ్మానాన్నలు పనులకు పోతారు, పిల్లలకు అదే పండగ. అక్కడ పాఠాలు చెప్పేది చాలాచోట్ల ఇంటర్, డిగ్రీ చదివే మనమే. అందుకే ఇది ఎవరో బయటివాళ్ల గొడవ కాదు.

ముందే ఒక మాట. చర్చి వద్దని చెప్పే పోస్టు కాదు ఇది. మా హాస్టల్ గదుల్లో చర్చికి వెళ్లేవాళ్లం ఉన్నాం, ఊరి దేవతకు మొక్కేవాళ్లం ఉన్నాం. ఒకే కంచంలో తింటాం. మతం మారితే ఎస్టీ హోదా తీసేయాలని డీలిస్టింగ్ పేరుతో తిరిగేవాళ్లు దీన్ని స్క్రీన్‌షాట్ కొట్టి వాడుకోవద్దు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది, షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో లేదు. ఆ విషయం అక్కడితో సరి.

మేం అనేది ఒక్కటే. పాపం నుంచి విడుదల గురించి పిల్లలకు చెప్తామంటున్నారు కదా, విడుదలే చెప్పండి. సిగ్గు నేర్పకండి.

నల్ల పేజీ సంగతి చూద్దాం. అక్షరాలు లేని పుస్తకం మీలో చాలామంది చూసే ఉంటారు. అన్నీ రంగు పేజీలే. నలుపు పాపం, ఎరుపు యేసు రక్తం, తెలుపు కడిగిన హృదయం, బంగారు రంగు పరలోకం, ఆకుపచ్చ ఎదుగుదల. అవే రంగుల పూసలు గుచ్చి పిల్లల చేతికి కడతారు. ఈ పుస్తకం బైబిల్లో నుంచి ఊడిపడింది కాదు. 1866లో లండన్‌లో స్పర్జన్ అనే ప్రసంగీకుడు నలుపు, ఎరుపు, తెలుపు పేజీల పుస్తకం గురించి ప్రసంగం చేశాడు. మిగతా రంగులు తర్వాతివాళ్లు కలిపారు.

ఆ నల్ల పేజీని మనం ఎవరి ముందు తెరుస్తున్నాం? టౌన్ బస్సులో, బడిలో, ఆస్పత్రి లైనులో ఒంటి రంగు గురించి మాటలు పడి వచ్చిన పిల్ల ముందు. పోలిక వేరు, ఒళ్లు వేరు అని ఆరేళ్ల పిల్లకి ఎవరు చెప్తారు? ఆ పిల్ల పేజీ చూస్తుంది, తన చెయ్యి చూసుకుంటుంది. అంతే, పాఠం అయిపోయింది.

యెషయా మొదటి అధ్యాయం తీయండి. అక్కడ పాపానికి చెప్పిన రంగు ఎరుపు. బైబిల్లో చీకటి పోలిక ఉందిగా అంటారు. ఉంది. చీకటి అంటే వెలుతురు లేకపోవడం, ఒంటి రంగు కాదు. సంఖ్యాకాండం 12వ అధ్యాయం కూడా చదవండి. మోషే కూషు దేశపు స్త్రీని పెళ్లాడాడని అతని అక్క మిర్యాము అతని మీద మాట్లాడింది. కూషు అంటే ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నల్లవాళ్ల దేశం. శిక్ష పడింది కూషు ఆడపిల్లకు కాదు, మిర్యాముకు. కుష్ఠుతో ఆమె ఒళ్లు మంచులా తెల్లబడింది. ఈ కథ మాకు ఏ వీబీఎస్‌లోనూ ఎవరూ చెప్పలేదు.

రెండోది ఇంకా లోతుగా తగిలేది, పాపాల పట్టిక. అబద్ధం, దొంగతనం, కొట్లాట వరకు బాగానే ఉంటుంది. తర్వాత థింసా వస్తుంది, ఇటుకల పండగ వస్తుంది, భద్రాచలం వైపు అయితే కొమ్ము నాట్యం వస్తుంది. తుడుం, కిరిడి, మోరి అన్నీ పాపమే. మాకు తెలిసిన ఒకచోట "మీ ఇంట్లో ఇంకా పాపంలో ఉన్నదెవరు?" అని పిల్లల్ని అడిగారు. పిల్లలు నానమ్మల పేర్లు, తాతల పేర్లు చెప్పారు. ఆ పొద్దున వాళ్లకి జావ కాచి పోసి పంపింది ఆ నానమ్మే.

వేరే దేవతలకు మొక్కడం మా విశ్వాసంలో కుదరదని అయ్యగార్లు అంటే, అది వాళ్ల విశ్వాసం, దానితో మాకు తగువు లేదు. కానీ మొక్కు వేరు, అడుగు వేరు. చేతులు పట్టుకుని వరసగా ఆడే ఆట ఎవరికి అన్యాయం చేసింది? దావీదు మందసం ముందు నాట్యమాడాడు. 150వ కీర్తన నిండా వాయిద్యాలే, నాట్యం కూడా ఉంది. కీబోర్డు పరిశుద్ధం, తుడుం అపవిత్రం అని ఏ అధ్యాయంలో ఉందో చూపించండి. తండ్రుల పాపం పిల్లల మీద వేసే సామెత ఇక అనవద్దని యెహెజ్కేలు 18లో దేవుడే చెప్పాడు. ఎవరి తప్పు వాళ్లదే. మరి మన పిల్లల మీద తాతముత్తాతల మూట ఎందుకు పెడుతున్నారు?

"అందరూ పాపులే అని రోమా పత్రికలో ఉంది కదా" అంటారు. సరే. అందరూ అంటే మైదానం వాళ్లు, లండన్ వాళ్లు, అయ్యగారు కూడా. మనకు మాత్రం డబుల్ లెక్క ఏంటి?

మూడోది జబ్బు. కీళ్ల నొప్పులతో మెలికలు తిరిగే పిల్లాడి ఇంటికొచ్చి, ఏదో పాపం దాచారు, ఒప్పుకుంటే తగ్గుతుంది అనేవాళ్లు ఉన్నారు. సికిల్ సెల్ పాపం వల్ల రాదు, జన్యువు వల్ల వస్తుంది. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి ఆ జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దీని మీద 2023 జూలైలో కేంద్రం జాతీయ మిషన్ కూడా మొదలుపెట్టింది. ఇక బైబిల్ మాటే కావాలంటే యోహాను 9 ఉంది. ఈ మనిషి గుడ్డివాడిగా పుట్టింది ఎవరి పాపం వల్ల అని శిష్యులు అడిగితే, అతనిదీ కాదు, కన్నవాళ్లదీ కాదు అన్నాడు యేసు. ప్రార్థన చేయండి, ఎవరూ వద్దనరు. కానీ రక్తపరీక్ష చేయించి చేయండి.

మరి పిల్లలకు పాపం గురించి ఏం చెప్పాలి? జక్కయ్య కథ చెప్పండి, పూర్తిగా చెప్పండి. పొట్టివాడు, మేడి చెట్టు, చెట్టెక్కే యాక్షన్ చేయించి పాఠం ఆపేస్తున్నారు. లూకా 19లో కథ చెట్టు దిగాకే ఉంది. ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఆ తర్వాతే ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు యేసు. ఇది మన పిల్లలకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. సంతలో చింతపండు తూకం ఎలా పోతుందో వాళ్ల కళ్లెదురుగానే ఉంటుంది. 1/70 చట్టం ఉన్నా బినామీ పేర్లతో భూములు ఎలా పోతున్నాయో ఇంట్లో వింటూనే ఉంటారు. గంజాయి మూటలు మోసి జైలుకి పోయేది మన కుర్రాళ్లు, మోయించినోడు బయటే ఉంటాడు. బొట్టు పెట్టుకుంటే పాపమని పదేళ్ల పిల్లకి తెలుసు. తూకంలో దొంగ రాయి పెడితే పాపమని ఆ పిల్లకి ఎవరు చెప్పారు? ఆ రాయి పెట్టినోడు కానుక వేస్తే ముందు కుర్చీ ఎందుకు?

విడుదల అంటే పిల్లల భాషలో చాలా చిన్న మాట. హాస్టల్లో పక్కవాడి సబ్బు తీసుకున్నావా, తిరిగి ఇచ్చెయ్. తప్పైందని చెప్పు. ఇక భయం మోయకు, దేవుడు నిన్ను దానితో లెక్కించడు. లూకా 15లో తండ్రి, కొడుకు తన మాట పూర్తి చేసేదాకా కూడా ఆగలేదు, ఎదురు పరిగెత్తాడు. ఈ కథ చెప్పే నోటితోనే "ఈ రాత్రి చచ్చిపోతే నువ్వు నరకానికే" అని ఏడేళ్ల పిల్లాడిని ఏడిపిస్తే, అందులో విడుదల ఎక్కడుంది?

కాబట్టి ఈ వేసవిలో పాఠాలు చెప్పబోయే మనవాళ్లందరికీ మా మాటలు ఇవి:

1. నల్ల పేజీ, నల్ల పూస వద్దు. మరకైన బట్ట, మూటబరువు లాంటి పోలికలు వాడండి.
2. ఇంట్లోవాళ్ల పాపాలు పిల్లల చేత చెప్పించవద్దు.
3. పదిమంది ముందు ఏడుస్తూ ఒప్పుకోలు చేయించవద్దు.
4. ఏ జబ్బునీ పాపంతో ముడిపెట్టవద్దు.
5. జక్కయ్యని చెట్టు దింపండి.
6. ఒక్క పాటైనా కోయలోనో, కువిలోనో, సవరలోనో, ఆదివాసీ ఒడియాలోనో, మన తుడుం మీద పాడించండి.

అయ్యగార్లతో గొడవ పడమని కాదు, బైబిల్ తెరిచి కూర్చుని అడగమని. మన ఇళ్లలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లం మనం. చదవడం వచ్చినందుకు ఈ పనైనా చేద్దాం. చర్చిలోంచి బయటికొచ్చిన పిల్ల నానమ్మ దగ్గరికి పరిగెత్తుకుంటూ పోవాలి. నానమ్మని చూసి పక్కకు తప్పుకుని పోతే ఆ పాఠం పిల్లని దేని నుంచీ విడిపించలేదు.

జై ఆదివాసీ.