డోడో నేర్పిన పాఠం

మనిషి కనిపిస్తే పారిపోవాలని ఆ పక్షికి తెలియదు. తెలియాల్సిన అవసరమే రాలేదు! అది పుట్టిన దీవిలో దాన్ని వేటాడే జంతువు ఒక్కటీ లేదు మరి. తిండి నేలమీదే దొరికేది. దాంతో తరాలు గడిచేకొద్దీ రెక్కలు చిన్నవై ఎగరడమే మానేసింది. అదే దాని కొంప ముంచింది. ఆ పక్షి డోడో. ఆ దీవి మారిషస్.

హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కి తూర్పున అగ్నిపర్వతాలు బద్దలై ఏర్పడిన దీవి ఇది. అక్కడి అడవుల్లో ఒకప్పుడు నల్లచేవ చెట్లు, పెద్ద తాబేళ్లు, రంగురంగుల బల్లులు ఉండేవి. నేలమీద పుట్టి పెరిగిన క్షీరదాలంటే మాత్రం గబ్బిలాలే.

1598లో డచ్చి నావికులు దిగారు. తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. ఆకలికి డోడోల్ని కొట్టి తిన్నారు. అంతకన్నా ఎక్కువ చేటు చేసింది ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు. డోడో గూడు నేలమీదే, పెట్టేదీ ఒకే ఒక్క గుడ్డట! దాన్నీ అవి మిగల్చలేదు. చివరిసారి డోడోని చూసినట్టు చెప్పేది 1662లో. మనిషి వచ్చి నిండా డెబ్భై ఏళ్లయినా కాలేదు, జాతే మాయమైంది!

అన్నట్టు, డోడో పావురాల కుటుంబానిదే. బతికున్న పక్షుల్లో దానికి దగ్గరి చుట్టం మన అండమాన్, నికోబార్ దీవుల్లో కనిపించే నికోబార్ పావురమని 2002లో డీఎన్ఏ పరీక్షలు తేల్చాయి.

డచ్చివాళ్ల తర్వాత ఫ్రెంచివాళ్లు, 1810లో ఆంగ్లేయులు వచ్చారు. అడవులు కొట్టి చెరుకు వేశారు. 1835లో బానిసత్వం రద్దయింది. తోటల్లో పనికోసం భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను లక్షల్లో తరలించారు. వాళ్లలో కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లూ ఉన్నారు. అందుకే అక్కడ వాళ్లకి 'కోరంగీలు' అని పేరు. ఇప్పటికీ మారిషస్‌లో ఉగాదికి సెలవే!

మిగిలింది నలుగురే!

చెరుకు పెరిగింది, అడవి తరిగింది. ఇప్పుడక్కడ చెక్కుచెదరని అడవి రెండు శాతం కూడా లేదు. డోడో దారిలోనే మరిన్ని పక్షులు నడిచాయి. దోమల్ని చంపడానికి చల్లిన డీడీటీ, ఆహారం ద్వారా మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ ఒంట్లోకి చేరింది. 1974 నాటికి అడవిలో కనిపించినవి నాలుగే నాలుగు!

1979లో కార్ల్ జోన్స్ అనే వేల్స్ యువకుడు అక్కడికి చేరాడు. కోళ్లు పెంచేవాళ్లకి తెలిసిన కిటుకే వాడాడు. గూట్లోని గుడ్లు తీసేస్తే తల్లి మళ్లీ పెడుతుంది. తీసిన గుడ్లను వెచ్చని పెట్టెల్లో పొదిగించి, పిల్లల్ని పెంచి అడవిలో వదిలారు. నాలుగు కాస్తా వందలయ్యాయి. పదికి పడిపోయిన గులాబీ పావురాలూ వందలకు చేరాయి. ఎకో చిలుకలూ అలాగే కోలుకున్నాయి. అలాగని కష్టాలు తీరిపోలేదు. డేగల సంఖ్య మళ్లీ తగ్గడంతో 2014లో దాన్ని తిరిగి అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చారు.

తీరానికి దగ్గర్లోని ఇలో ఎగ్రెట్ అనే చిన్న దీవిలో మరో ప్రయత్నం చేశారు. అంతరించిన తాబేళ్లకు బదులు 2000లో ఆల్డాబ్రా తాబేళ్లను తెచ్చి వదిలారు. అవి నల్లచేవ పండ్లు తిని విత్తనాలను దూరదూరాల్లో విసర్జిస్తాయి. అలా కొత్త మొక్కలు మొలుస్తున్నాయి. తోటమాలి పని తాబేలు చేస్తోందన్నమాట!

2020 జులైలో వకాషియో అనే ఓడ ఆ చుట్టుపక్కలే పగడపు దిబ్బల్లో చిక్కుకుని, కొద్దిరోజులకు వెయ్యి టన్నుల చమురు సముద్రంలోకి కారింది. ఊళ్లకు ఊళ్లే తీరానికి కదిలాయి. ఎండు చెరుకు ఆకుల్ని గుడ్డల్లో కుక్కి, పొడవాటి దిండ్లలా కుట్టి, నీటిమీద అడ్డుకట్టలు వేశారు. అడవిని మింగిన చెరుకే ఆరోజు సముద్రానికి అడ్డుగా నిలిచింది.

డోడో ఇక రాదు. కానీ నాలుగు పక్షులు మిగిలినప్పుడు చేతులెత్తేయకూడదని ఆ దీవివాళ్లకి నేర్పి వెళ్లింది.