సదస్సుకు పంపే ప్రతిపాదన

సదస్సుకు ప్రతిపాదన వ్రాయడమంటే తనకు తెలిసినదంతా ఒక పుటలో కుక్కడమని మనలో చాలామంది భావిస్తారు. నేనూ అట్లే భావించి ఒకసారి భంగపడినవాణ్ణే. నా పొరపాటు ఎక్కడున్నదో, అమెరికాలో పాఠశాల మనస్తత్వ నిపుణురాలుగా ఉన్న మన పూర్వ విద్యార్థిని ఒకరు తన ప్రతిపాదనను చూపినప్పుడు తెలిసింది.

అక్కడ 1969లో ఏర్పడిన పాఠశాల మనస్తత్వ నిపుణుల జాతీయ సంఘం ఏటా మహాసభ జరుపుతుంది. 500 మంది విద్యార్థులకు ఒక నిపుణుడుండాలని ఆ సంఘం సిఫారసు. అనేక రాష్ట్రాలలో భారం అంతకు రెట్టింపు. చదువులో వెనుకబడిన పిల్లలను పరీక్షించడం, ఉపాధ్యాయులతో సంప్రదించడం, తల్లిదండ్రులకు నచ్చజెప్పడం వారి నిత్యకృత్యం. అట్టివారు బడిని విడిచివచ్చి మన ఎదుట కూర్చున్నప్పుడు, తిరిగి వెళ్ళిన మర్నాడే చేయదగిన పని ఒకటైనా వారికి దక్కాలి గదా!

ఆమె మొదట పెట్టిన శీర్షిక “విద్యార్థుల మానసికారోగ్యం – ఒక సమగ్ర పరిశీలన”. ఈ ‘సమగ్ర పరిశీలన’ మన ఎం.ఏ.లకు ఎంత ప్రియమో! సమగ్రమైనది గంటలో ఇమడదు. నాకు ఆ శాస్త్రం తెలియదు గనుక, “నీవు స్వయంగా చేసినదేమి?” అని మాత్రం అడిగాను. బడికి పోనని మొండికేసే 12 ఏళ్ళ పిల్లల తల్లిదండ్రులతో తొలి సమావేశం జరిపే పద్ధతిని రెండేళ్ళుగా దిద్దుకుంటున్నానన్నది. అదే శీర్షిక అయింది.

శ్రోతలకు కలిగే ప్రయోజనాన్ని కూడా ప్రతిపాదనలో వ్రాయాలి. ‘అవగాహన పొందుతారు’ అని వ్రాసింది. అవగాహన కలిగినదో లేదో చూచేదెవరు? ‘భయంతో బడి మానిన బిడ్డకూ, వేడుకకు ఎగగొట్టిన బిడ్డకూ గల భేదాన్ని గుర్తించగలుగుతారు’ అని మార్చింది. ఆ క్రియ మారగానే ప్రసంగమే మారింది. ఉపోద్ఘాతం సగం పోయి, శ్రోతలే అభ్యాసం చేసే 20 నిమిషాలు వచ్చి చేరాయి.

పద్ధతి ఫలించని సందర్భాలను సైతం, పిల్లల ఆనవాళ్ళు తెలియకుండా, చెప్పమన్నాను. జంకింది. కాని అనేక సదస్సులలో పరిశీలకులకు రచయిత పేరే కనిపించదు. హోదా అక్కరకు రాదు. కాగితం మీది నిజాయితీనే వారు నమ్మాలి.

ఆమెకు ఇంకా జవాబు రాలేదు. ఈలోగా మన కమిటీవారికి ఒక మనవి. మన సదస్సు ఫారంలో పేరు, డిగ్రీ, శీర్షిక మాత్రమే అడుగుతున్నాము. ‘ఇది విన్నవారు ఏమి చేయగలుగుతారు?’ అనే గడిని రాబోయే ఏడు చేర్చవలసిందిగా కోరుతున్నాను. మొదట తడబడేవాణ్ణి నేనే కావచ్చు.