సూదిబెజ్జపు కెమేరా ఆటబొమ్మయా?

పోయిన సంవత్సరము తలిదండ్రుల సభ ముగిసిన పిమ్మట ఒక పెద్దమనిషి విజ్ఞానశాస్త్రపు గదిలోనికి వచ్చి, బల్లమీద వరుసగా నుంచిన పాలపొడి డబ్బాలను చూచి, "ఇవి యేమిటండీ?" అని యడిగిరి. కెమేరాలని చెప్పితిని. ఆయన నవ్వి, చొక్కాజేబులోని సెల్‌ఫోనును తీసి చూపి, "మాస్టరుగారూ, దీనితో నిమిషములో ఎన్ని ఫోటోలైనను తీయవచ్చును గదా! మావాడు మూడు శనివారములు ఈ డబ్బాతో కూర్చుండి, ఒక్క నల్లని కాగితము ఇంటికి తెచ్చినాడు. చదువు కాలము పోవుచున్నది" అనిరి. ఆయన మాటలో కోపము లేదు. న్యాయమైన చింత కలదు. అప్పుడు నేను సరిగా సమాధానము చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్ప ప్రయత్నించుచున్నాను.

ఈ కెమేరాను ఎఱుగనివారికి ముందు రెండు మాటలు. వెలుతురు చొరని డబ్బా యొకటి. దాని లోపల అంతయు నల్లరంగు. ఒక ప్రక్క తపాలాబిళ్లయంత కంత కోసి, దానిపై శీతలపానీయపు డబ్బానుండి కత్తిరించిన పలుచని అల్యూమినియపు రేకును అతికించి, ఆ రేకులో సూదితో నొక బెజ్జము చేయుదుము. బెజ్జమున కెదురుగా లోపలిగోడకు ఫోటోకాగితము నంటింతుము. బెజ్జముపై నల్లని టేపుముక్క తలుపువలె నుండును. దానిని తీసినచో కెమేరా తెఱచుకొనును, మరల అంటించినచో మూసికొనును. కటకము లేదు, బ్యాటరీ లేదు, నొక్కుటకు మీట లేదు.

బెజ్జము గుండ వచ్చిన వెలుతురు ఎదుటి వస్తువును తలక్రిందులుగా చూపునను సంగతి క్రొత్తది కాదు. చైనాదేశమున మోట్సే శిష్యులు క్రీస్తునకు కొన్ని శతాబ్దములకు పూర్వమే దీనిని వ్రాసియుంచిరి. అరబ్బు పండితుడు ఇబ్న్ అల్ హైథమ్ గ్రహణసూర్యుని బింబమును ఈ విధముననే పరీక్షించెను. 1544వ సంవత్సరము జనవరి 24వ తేదీని లూవెన్ పట్టణమున గెమ్మా ఫ్రిసియస్ అను నతడు చీకటిగదిలో సూర్యగ్రహణమును చూచి, మఱుసటి యేట దాని పటమును అచ్చొత్తించెను. మనకు దగ్గఱనున్న హంపిలో విరూపాక్షాలయపు తూర్పు గోపురము, గుడివెనుకటి చీకటిగదిలోని గోడపై తలక్రిందులుగా పడుటను యాత్రికులందఱును చూచి వచ్చుచున్నారు.

అంత దూరమైనను పోనక్కఱలేదు. మధ్యాహ్నపు వేళ మన ఆటస్థలములోని చెట్టు క్రింద నేలను చూడుడు. ఆకుల సందులు నానావిధములుగా నున్నను, వెలుతురు మచ్చలు మాత్రము చాలవఱకు గుండ్రముగనే యుండును. ఏలయనగా ప్రతి మచ్చయు సూర్యుని బింబమే. 2019వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీని, అనగా క్రిస్మసు మఱునాటి ఉదయమున, మన ప్రాంతమున పాక్షిక సూర్యగ్రహణము పట్టినప్పుడు వేపచెట్ల క్రింద నేలయంతయు నెలవంకలు చల్లినట్లుండెను. గ్రహణము విడిచిన తరువాత మచ్చలు మరల గుండ్రములయ్యెను.

మన పాఠ్యపుస్తకములలో ఈ సంగతియంతయు ఒక పటముగా కుదించబడినది: క్రొవ్వొత్తి, బెజ్జము, రెండు గీతలు, తలక్రిందులైన క్రొవ్వొత్తి. పిల్లలు దానిని కన్నులు మూసికొని గీయగలరు, మార్కులు పూర్తిగా పొందగలరు. కాని గీయగలుగుటయు ఎఱుగుటయు ఒకటి కాదు. ఈ భేదమును నాకు తెలియజెప్పినది ఒక తొమ్మిదవ తరగతి బాలిక.

ఆమె తన డబ్బాను ప్రహరీగోడపై నుంచి, పాఠశాల ముఖద్వారమును దానిపైనున్న పేరుతోకూడ ఫోటో తీసినది. కాగితమును మందునీళ్లలో కడిగి ఆరబెట్టి చూడగా, నలుపు తెలుపై, తెలుపు నలుపై, ద్వారము తలక్రిందులుగా వచ్చినది. అది తెలిసిన సంగతియే కావున కాగితమును త్రిప్పి పట్టుకొన్నది. ద్వారము నిలువుగా నిలిచినది. అక్షరములు మాత్రము అద్దములో చూచినట్లు కుడియెడమలు మాఱియున్నవి! "మాస్టరుగారూ, పటములో ఇట్లు లేదు గదా?" అని యడిగినది. నిజము చెప్పుచున్నాను, నేనును వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. ఇన్ని సంవత్సరములుగా ఆ పటమును నల్లబల్లపై గీయుచుండియు నే నా ప్రశ్న నెన్నడును వేసికొనలేదు.

మేమిద్దఱమును ఇంకొక డబ్బా తీసికొని, వెనుకవైపు తొలగించి, అచ్చట నూనెరాచిన పలుచని కాగితమును తెరగా కట్టి, తలపై దుప్పటి కప్పుకొని చూచితిమి. దానిలోను అక్షరములు తలక్రిందులుగానే యున్నవి. కాని తల వంచి చూచినచో సరిగా చదువుటకు వచ్చినవి. అప్పుడు గుట్టు బయటపడినది. నూనెకాగితపు బింబమును మనము వెనుకనుండి చూచుచున్నాము. ఫోటోకాగితపు బింబమునో, బెజ్జమువైపుననున్న ముఖమునుండి చూచుచున్నాము. పలుచని బట్టపై వ్రాసిన అక్షరములను అవతలి ప్రక్కనుండి చదివిన యెడల ఎట్లుండునో ఇదియు నట్లే. ఆ నెగిటివును క్రొత్త ఫోటోకాగితముతో ముఖాముఖిగా నుంచి, పైన గాజుపలక పెట్టి, క్షణకాలము దీపము చూపగా నలుపు తెలుపులును సరిపడినవి, అక్షరములును సరిపడినవి. ఆ బాలిక పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చుకొన్నదో నాకు జ్ఞాపకము లేదు. ఆ ప్రశ్న మాత్రము జ్ఞాపకమున్నది.

బెజ్జపు పరిమాణమును గూర్చియు పిల్లలు మొదట పొరపడుదురు. బెజ్జ మెంత చిన్నదైన చిత్రమంత స్పష్టముగా వచ్చునని తలంచి, అతిసన్నని సూదిమొనతో గ్రుచ్చి, మసకచిత్రము తెచ్చుకొని విచారింతురు. బెజ్జము మితిమీఱి చిన్నదైనచో వెలుతురు దాని అంచుల యొద్ద చెదరును, దీనినే వివర్తనమందురు. ఎంత బెజ్జము తగునో ఆంగ్లేయశాస్త్రజ్ఞుడు రేలీ ప్రభువు 1891లో లెక్కగట్టి ప్రకటించెను. ఆ లెక్క ప్రకారము బెజ్జమునకును కాగితమునకును నడుమ 100 మిల్లీమీటర్ల దూరమున్నప్పుడు బెజ్జపు వ్యాసము ఇంచుమించు 0.45 మిల్లీమీటరుండవలెను. పదవ నంబరు కుట్టుసూది మందము కూడ రమారమి అంతయే. కావున సూదిని పూర్తిగా దూర్చి, రేకు వెనుక లేచిన అంచులను సన్నని గరుకుకాగితముతో నునుపు చేసిన చాలును. మేము మూడు డబ్బాలకు మూడు పరిమాణముల బెజ్జములు చేసి ఒకే కొబ్బరిచెట్టును తీసితిమి. నడిమిదే గెలిచినది.

ఇక ఫిల్మా, కాగితమా యను తగవు. ఫిల్మునకు వెలుతురు త్వరగా పట్టును. పైన చెప్పిన డబ్బాలో 100 వేగముగల ఫిల్మునకు మంచి యెండలో మూడు నాలుగు సెకనులు చాలును. నలుపుతెలుపు ఫోటోకాగితము బహుమందమైనది; దానికి అదే యెండలో అరనిమిషము మొదలు ఒక నిమిషము వఱకు పట్టును. ఫిల్ములో మబ్బులును ఆకులును మృదువుగా వచ్చును. కాగితములో తెలుపు మఱీ తెలుపు, నలుపు మఱీ నలుపు. చిత్రపు అందమే ముఖ్యమనువారు ఫిల్మునే కోరుదురు, వారితో నాకు కలహము లేదు. పాఠశాలలో మాత్రము కాగితమే వాడవలెనని నా దృఢమైన అభిప్రాయము. సాధారణపు ఫిల్మును కటికచీకటిలో కడుగవలెను; పిల్లవాడు చేసినదేదియు వానికే కనబడదు. కాగితమునకు ఎఱ్ఱదీపపు వెలుతురు హాని చేయదు. తెల్లకాగితమును డెవలపరు పళ్లెములో ముంచి మెల్లగా కదల్చుచుండగా, మొదట ఆకాశము నల్లబడును, పిదప గోడ అంచు, ఆ వెనుక కిటికీలు, ఒక్కొక్కటే తేలివచ్చును. పదిమంది పిల్లలు ఊపిరి బిగబట్టి ఆ పళ్లెముపైకి వంగి చూచుచుండగా నేను చూచితిని. అటువంటి నిశ్శబ్దమును తరగతిలో బెత్తముతో తెప్పింపజాలము.

ఆ పెద్దమనిషి చూపిన నల్లకాగితము మాట మఱచిపోలేదు. అది వారి కుమారుని మొదటి శనివారపు కాగితము. అంతయు నల్లనగుటకు కారణము డబ్బాలోనికి వేఱుదారిని వెలుతురు చొచ్చుట. రెండవ శనివారము వాడు బెజ్జపు రేకు చుట్టును టేపు వేసినాడు. కాగితము సగము నల్లనయ్యెను. నల్లదన మంతయు మూతవైపున నుండుట చూచి, మూడవ శనివారము మూత అంచునకు నల్లగుడ్డ చుట్టినాడు. ఆ కాగితముపై పంపు, పంపు ప్రక్కన బక్కెట్టు, వానివెనుక వసతిగృహపు మెట్లు స్పష్టముగా నున్నవి; ఒక మూలను మాత్రము నల్లని నాలుకవంటి మచ్చ మిగిలినది. ఆ మూడవ కాగితము పాఠశాల గోడపై నున్నది. ఇంటికి పోయినది మొదటిది. నేటి సెల్‌ఫోనులలో పెక్కు మనము చూచు ఒక్క చిత్రమునకై అనేక చిత్రములను తీసి, కలిపి, తామే దిద్దుకొనును. మంచిదే, వానిని నేనును వాడుచున్నాను. కాని అవి యెచ్చట తప్పినవో, ఎట్లు దిద్దుకొన్నవో ఆ బాలునకు గాని నాకు గాని చెప్పవు. డబ్బా కెమేరాలో తప్పు ఎచ్చటనున్నదో కాగితమే చూపును, దిద్దవలసినది బాలుడే.

ఖర్చు మాట దాచను. డబ్బాలతో నగుపని కావున ఇందు వ్యయమేమియు లేదని పొగడువారున్నారు. అది నిజము కాదు. ఉదకమండలమున 1960లో స్థాపింపబడిన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' ఫిల్ములును కాగితములును ఒకప్పుడు ఊరూర దొరకెడివి. ఆ కర్మాగారము మూతపడినది. ఇప్పుడు విదేశపు కాగితమును పెద్దపట్టణపు వర్తకులయొద్దనుండి తెప్పించుకొనవలసియున్నది, వెల తక్కువ కాదు. 8 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల పొడవుగల కాగితమును మేము ఎనిమిది ముక్కలుగా కోసి వాడుచున్నాము. డెవలపరునకు బదులుగా ఇన్‌స్టెంటు కాఫీపొడి, చాకలిసోడా, సి విటమిను నీటిలో కలిపి వాడవచ్చును. 1995లో అమెరికాలోని రాచెస్టరునందు ఒక సాంకేతిక విద్యాలయపు తరగతిలో కాఫీతో ఫోటోలు కడుగు ఈ పద్ధతి కనిపెట్టబడెను, విటమిను కలుపుట తరువాత వచ్చినది. వాసన మాత్రము భరింపరానిది! హైపోకు బదులు లేదు. వాడిన హైపోలో వెండి చేరియుండును గనుక దానిని తోటలోను కాలువలోను పోయరాదు; మేము సీసాలలో నిలువచేయుచున్నాము. మందునీళ్లలో చేతులు పెట్టక పటకారులనే వాడవలెను.

ఇంతకును నా విన్నపము చిన్నది. వేదిక వెనుకనున్న చిన్నగదిని విఱిగిన బల్లలు పెట్టుకొనుటకు తీసికొందురని వినుచున్నాను. బల్లలకు వరండా కలదు. చీకటికి ఆ గది తప్ప వేఱుచోటు లేదు. దానిని చీకటిగదిగానే యుంచవలెనని ప్రధానోపాధ్యాయులవారిని ప్రార్థించుచున్నాను. పదవతరగతివారిని ఈ పనికి పిలువను. తండ్రులు చెప్పినది ఒప్పుకొంటిని. ఎనిమిదవ, తొమ్మిదవ తరగతులవారికి శనివారపు చివరి రెండు గంటలు చాలును. మార్కులు వలదు, బహుమానములు అసలే వలదు. బహుమానము పెట్టినచో మంచిచిత్రములే గోడకెక్కును, నల్లకాగితములు చెత్తబుట్టలో పడును. నాకు కావలసినవి నల్లకాగితములు. తలిదండ్రులు కూడ ఇంటికి వచ్చిన కాగితమును చూచి "ఇదేమిటిరా?" అని నవ్వుటకు మాఱుగా, "ఇట్లేల వచ్చినది?" అని యొక్కమాట అడుగుదురు గాక.

కడపటగా ఒక సమాచారము. ఇంగ్లాండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయమువారి నక్షత్రశాలలో ఒక కళావిద్యార్థిని 2012లో కట్టి మఱచిన పానీయపు డబ్బా 2020లో దొరకెను. దానిలోని కాగితముపై ఎనిమిదేండ్ల సూర్యగమనము వేలకొలది గీతలుగా పడియుండెను. అంత ఓపిక మాకు లేదు. గత డిసెంబరు 21వ తేదీని, క్రిస్మసు నక్షత్రము కట్టుటకు మేడపై నిచ్చెన వేసినప్పుడే, మేము మూడు డబ్బాలను తూర్పుముఖముగా పిట్టగోడకు బిగించి బెజ్జములు తెఱచితిమి. ఆగ్నేయదిక్కుననుండి ఈశాన్యమువైపు సూర్యోదయము దినదినమును జరుగుట వానిలో గీతలుగా పడుచుండవలెను, కోతులు పీకివేయకున్న యెడల. జూన్ 21వ తేదీని వానిని విప్పుదుము. ఈ కాగితములను మందులో కడుగము. వెలుతురే వానిపై గీత గీయును. కట్టినవారిలో నలుగురు ఈ వేసవితో పాఠశాల విడిచి పోవుచున్నారు. వారు ఆ దినమున ఎచ్చట నున్నను సాయంకాలము నాలుగు గంటలకు మేడమీదికి రావలెను. నిచ్చెన పట్టుకొనుటకు మనుష్యులు కావలెను.