సంతకం ఢిల్లీది, గూడెం మాత్రం ఎవరిదీ కాదా?



ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి మన అడవుల్లో ఉంటున్న గుత్తికోయల గురించి మొన్న మీ పత్రికలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. ‘వాళ్లు ఛత్తీస్‌గఢ్ వాళ్లు, వాళ్ల బాగోగులు ఆ రాష్ట్రమే చూసుకోవాలి’ అని ఆయన తేల్చేశారు. మన్యం ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. మండలాఫీసుల్లోనూ టీకొట్ల దగ్గరా ఈ మాట చాలాసార్లు విన్నాను. వినడానికి సబబుగానే ఉంటుంది, చట్టం ముందు నిలబడదు.

2005 జూన్‌లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక అటు మావోయిస్టులకూ ఇటు జుడుంకూ మధ్య నలిగిపోయి కుంట, బీజాపూర్ వైపు నుంచి వేల మంది చర్ల, దుమ్ముగూడెం, చింతూరు అడవుల్లోకి వచ్చిపడ్డారు. కొందరు గోదావరి దాటి ములకలపల్లి, చండ్రుగొండ దాకా పోయారు. ఆదివాసీలకు తుపాకులిచ్చి ఆదివాసీల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే ఊళ్లు కాలిపోయాయి. ఇక్కడి వాళ్ల గుంపుల్లో ఇప్పటికీ ఎండాకాలం వస్తే వాగులో చెలమ తవ్వి, ఊట ఊరేదాకా కూర్చుని, సొరకాయ బుర్రతో ముంచుకుంటారు. మిర్చి కోతలప్పుడు మన రైతులే ట్రాక్టరు పంపి ఎక్కించుకుపోతారు. కోతకు మనవాళ్లు, కార్డుకు పరాయివాళ్లు!

అసలు చిక్కు రాజ్యాంగంలోని 342వ అధికరణం దగ్గరుంది. షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. మనం గుత్తికోయ అంటున్న మురియా మనిషి ఛత్తీస్‌గఢ్ సుక్మాలో ఎస్టీ, ఇక్కడి చర్లలో ఏమీ కాడు. తెనాలిలో పుట్టి బొంబాయిలో పెరిగిన మర్రి చంద్రశేఖరరావు మెడికల్ సీటు కేసులో 1990లో సుప్రీంకోర్టు ఈ సంగతే ఖాయం చేసింది: సొంత రాష్ట్రంలోని హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదు. అయితే అక్కడ కుటుంబం ఉద్యోగం మీద వెళ్లింది, ఇక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చారు. పదో తరగతి పాసైన పిల్లలు కుల ధ్రువపత్రం అడిగితే ‘మీ నాన్న ఊరి తహసీల్దారు దగ్గర తెచ్చుకో’ అన్న జవాబు నేనే విన్నాను. ఆ ఊరు లేదు మహాప్రభో అంటే రాసుకోవడానికి ఫారంలో గడి లేదు.

అటవీ హక్కుల చట్టం కూడా ఇలాగే చేయిచ్చింది. పునరావాసం లేకుండా అడవి నుంచి అక్రమంగా గెంటేసినవారికి ప్రత్యామ్నాయ భూమి ఇవ్వాలని సెక్షన్ 3(1)(ఎం) చెబుతుంది. కానీ అది 2005 డిసెంబరు 13కు ముందు కదిలినవారికే. జుడుం మొదలై అప్పటికి ఆరు నెలలు. 2006లోనూ ఆ తర్వాతా పరుగెత్తుకొచ్చినవారు గీతకు ఇవతల పడ్డారు.

ఇక ఆ పాఠకుడి వాదనకు వస్తాను. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో 1979 ఏప్రిల్ 10న భారతదేశం చేరింది. చేరింది ఛత్తీస్‌గఢ్ కాదు, తెలంగాణ కాదు, దేశం. సమాఖ్య దేశాల్లోని అన్ని భాగాలకూ ఏ పరిమితీ, ఏ మినహాయింపూ లేకుండా ఇది వర్తిస్తుందని అందులోని 50వ అధికరణం చెబుతోంది. అంతకుముందే, 1958లో, ఆదివాసీలను వారి నేల నుంచి సమ్మతి లేకుండా కదిలించరాదన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 107వ ఒప్పందాన్నీ మనం ధ్రువీకరించాం. భూమి, పోలీసు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి కదా, కేంద్రం ఏం చేస్తుందంటారా? అంతర్జాతీయ ఒప్పందం అమలు కోసం రాష్ట్ర జాబితాలోని విషయం మీద కూడా పార్లమెంటు చట్టం చేయవచ్చని 253వ అధికరణం ఉండనే ఉంది.

దేశం ఇచ్చిన మాట రాష్ట్రాన్ని కట్టేస్తుందా అన్న ఈ తగవు మనకొక్కరికే లేదు. టెక్సస్‌లో మరణశిక్ష పడిన మెక్సికో పౌరుడు మెదెయిన్ కేసును పునఃపరిశీలించాలని అంతర్జాతీయ న్యాయస్థానం 2004లో చెప్పింది. అది మా రాష్ట్రాన్ని కట్టడి చేయదంటూ టెక్సస్ 2008లో అతనికి మరణశిక్ష అమలు చేసేసింది. మాట పోయింది మాత్రం అమెరికాది. ఆస్ట్రేలియా ఇంకోలా నడిచింది. టాస్మేనియా రాష్ట్ర చట్టం స్వలింగ సంపర్కులకు అన్యాయం చేస్తోందని ఐరాస మానవ హక్కుల కమిటీ 1994లో అంటే, అదే ఏడాది ఫెడరల్ ప్రభుత్వం తానే చట్టం తెచ్చింది. మన దేశం పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికకు చెందిన వ్యక్తిగత ఫిర్యాదుల ప్రోటోకాల్‌లో చేరలేదు కాబట్టి చెలమ దగ్గర కూర్చున్న ఆవిడ ఆ కమిటీకి రాసుకునే దారి కూడా లేదు.

ఇక్కడి కోయల భయాన్ని నేను కొట్టిపారేయను. ఉన్న పోడుకే అందరికీ పట్టాల్లేవు, రిజర్వేషన్‌లో ఇంకొకరు పంచుకుంటే మా పిల్లల గతేమిటని వారు అడగడం న్యాయమే. 2022 నవంబరులో ఎర్రబోడు దగ్గర ఫారెస్టు రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావును కొందరు గుత్తికోయలు నరికి చంపడం ఘోరం. నేరానికి కోర్టులున్నాయి. కానీ ఆ వెంటనే గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని అక్కడి బెండాలపాడు పంచాయతీ తీర్మానం చేసింది. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు 19వ అధికరణం ఇచ్చింది. దాన్ని పంచాయతీ తీర్మానంతో తీసేయగలిగితే రేపు బెంగళూరులో మన పిల్లల మాటేమిటి?

కాల్పులు తగ్గాయి, ఇక వెళ్లిపోవచ్చుగా అంటున్నారు కొందరు. వెళ్లాలనుకున్నవారిని వెళ్లనివ్వండి, భూమి చూపించి పంపండి. తిరిగి వెళ్లడమా, ఉన్నచోటే స్థిరపడటమా అన్నది నిర్వాసితుల ఇష్టానికే వదలాలని ఐరాస 1998 మార్గదర్శక సూత్రాలు చెబుతున్నాయి. అవి ఒప్పందం కాదు నిజమే. అయినా ఆ దారిలో మనమే ఒకసారి నడిచాం. 1997లో మిజోరం నుంచి త్రిపురకు పారిపోయిన బ్రూ ఆదివాసీలను త్రిపురలోనే స్థిరపరిచేందుకు 2020 జనవరి 16న కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ ప్రతినిధులు సంతకాలు చేశారు. అలాంటి ఒప్పందమే ఇక్కడా కావాలి. 2014లో చింతూరు, కూనవరం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి గనుక ఆ ప్రభుత్వమూ కూర్చోవాలి. ఎస్టీ హోదా చిక్కును పార్లమెంటే తేల్చాలి. స్థానిక కోయల వాటా తగ్గకుండా విడిగా కోటా ఇస్తే గొడవ సగం తీరుతుంది.

అది ఢిల్లీ పని, ఆలస్యమవుతుంది. ఈలోగా గుంపుకో బోరు వేయడానికి, జూన్‌లో బడి తెరిచేనాటికి పిల్లల పేర్లు రాయించడానికి, వానల్లో గుడిసెల మీదికి జేసీబీలు వెళ్లకుండా ఆపడానికి కలెక్టర్లకు ఎవరి ఒప్పందమూ అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దుమ్ముగూడెం మండలం